నలభై ఒకటో ఇల్లు

మే 6. నీరు నాలుగో మెట్టు.

శాఖకు పంపే చిట్టా వేరు, ఈ నోటుపుస్తకం వేరు. అందులో అంకెలే ఉండాలి. ఇందులో నా ఇష్టం.

పొద్దున్నే నిచ్చెనకు పట్టిన నత్తగుల్లలు గీకాను. నీళ్ళలోంచి మా హెచ్చరిక కేంద్రం గది దాకా ఇరవై రెండు మెట్ల ఇనుప నిచ్చెన ఇది. నీరు కొలిచే యంత్రం పాడై రెండేళ్ళయింది. విడిభాగాలు పంపే శాఖను సమాఖ్య మూసేసింది కాబట్టి అప్పటినుంచి నేనే మెట్లు లెక్కబెట్టి రాస్తున్నాను. గుంజవాడలో ఇప్పుడు నీళ్ళ సంగతి ఎవరడిగినా మెట్లలోనే అడుగుతారు. గుంజల మీద నిలబెట్టిన మా ఇళ్ళ నేల పదకొండో మెట్టుకి సమానం. పదకొండు దాటిందంటే పొయ్యిలోకి నీళ్ళొచ్చినట్టే.

సాయంత్రం పలుకు పిలిచాను. కేంద్రం నుంచి నలభై ఒక్క ఇళ్ళకీ తీగ ఉంది, ప్రతి ఇంట్లో మాట్లాడే గొట్టం ఉంది. నేను ఇంటి నంబరు పిలుస్తాను. "నలుగురం ఉన్నాం", "ఆరుగురం ఉన్నాం" అని వాళ్ళు చెబుతారు. ఎవరైనా పలకకపోతే పక్కింటివాళ్ళు తెప్పేసుకుని వెళ్ళి చూస్తారు. ఇది శాఖ నేర్పిన పద్ధతి కాదు. మా అమ్మ ఈ కేంద్రంలో పనిచేసిన రోజుల్లో మొదలుపెట్టింది. నీళ్ళొస్తున్నాయని కొమ్ము ఊదితే జనం అటు తిరిగి పడుకునేవారట. ఇంటిని పిలిచి అడిగితే మాత్రం లేచి కూర్చునేవారట.

ఆఖరి ఇల్లు, నలభై ఒకటి, పేరంటాలత్తది. డెబ్బై ఆరేళ్ళ మనిషి, ఒక్కతే ఉంటుంది. వరసకి అత్త కాదు, ఏమీ కాదు. మా అమ్మ పోయాక నన్ను అన్నం తిన్నావా అని అడిగే మనిషి మాత్రం ఆవిడే. పలుకు పిలిస్తే రోజూ ఒకటే జవాబు. "ఒక్కదాన్నే ఉన్నాను, ఇంకా." ఆ 'ఇంకా' దగ్గర వాడంతా నవ్వుతుంది, తీగ అందరికీ ఒకటే కదా.

నాతో కలిపి మొత్తం నూట ఇరవై ఏడుగురు. నీటివల్ల మరణాలు సున్నా. ఈ సున్నా రాయడం ఇది పదకొండో ఏడు. చేతిరాత బాగుండదు కానీ ఆ సున్నా మాత్రం గుండ్రంగా రాస్తాను.

మే 29. నీరు ఐదో మెట్టు.

వైద్యపడవ ఈ నెల కూడా రాలేదు. ఇక రాదని రేడియోలో చెప్పారు. సమాఖ్యకు పాత అప్పులు తీర్చడానికి కొత్త అప్పులు పుట్టడం లేదట. అందుకని శాఖలను ఒక్కొక్కటే మూస్తున్నారు. విత్తనాల శాఖ పోయింది, తపాలా సగం పోయింది. చెప్పే మనిషి గొంతు చాలా హుందాగా ఉంది. ఆయనకి జీతం వస్తున్నట్టుంది.

నాకు మార్చి నుంచి రాలేదు. వాడవాళ్ళు చేపలిస్తున్నారు. చేపలు తిని తిని నా ఒంట్లో ముళ్ళు మొలిచేలా ఉన్నాయి.

జూన్ 14. నీరు ఐదో మెట్టు.

సమీక్షాధికారి వచ్చాడు. ఇందుశేఖర్ అని, నలభై ఏళ్ళుంటాయి, చొక్కా మడత నలగకుండా పడవ దిగడానికి నానా తంటాలు పడ్డాడు. నేను పదకొండేళ్ళ చిట్టాలూ ముందు పెట్టాను. ఒక్కొక్కటీ తిరగేశాడు. ఏదైనా మెచ్చుకోలు మాట వస్తుందని ఎదురుచూశాను, ఆ ఆశ ఎందుకో నాకు.

"మీ చిట్టాలు చాలా శుభ్రంగా ఉన్నాయి ధనకొండ గారూ. అదే ఇబ్బంది" అన్నాడు.

"శుభ్రంగా ఉంటే ఇబ్బందేంటండి?"

"ఈ ఏడాది ఎనభై కేంద్రాల్లో యాభై మూసెయ్యాలి. ఏవి మూయాలో రాజధానిలో యంత్రం తేలుస్తుంది. అది చూసేది ఒకే గడి. ఆ చోట నీటివల్ల ఎంతమంది పోయారు. ఎవరూ పోకపోతే అక్కడ ప్రమాదం లేనట్టు. ప్రమాదం లేని చోట కేంద్రం దండగ ఖర్చు."

"కేంద్రం ఉంది కాబట్టే ఎవరూ పోలేదు కదండీ."

"నాకు తెలుసండి. ఆ గడి పక్కన ఆ మాట రాయడానికి చోటు లేదు."

ఉత్తరలంక కేంద్రం సంగతి అడిగాను. అక్కడ పనిచేసేవాడు తాగి పడుకుంటాడని మా అందరికీ తెలుసు. కిందటేడు నలుగురు పోయారు. ఆ కేంద్రాన్ని ఉంచుతున్నారట, పైగా కొత్త కొమ్ము ఇస్తున్నారట. నేను లేచి బయటికొచ్చి నిచ్చెన దగ్గర నిలబడ్డాను. కోపం వస్తే నేను మాట్లాడకూడదు, మా అమ్మ కూడా అదే చెప్పేది.

అధికారి వెళ్తూ మెల్లగా అన్నాడు. "జూన్ నెలాఖరు దాకా అంకెలు తీసుకుంటారు. ఒక్కటున్నా చాలు. నేనేమీ చెప్పలేదండి." ఆయన శాఖ కూడా డిసెంబరులో మూసేస్తారట. ఆ మాట కూడా చెప్పి పడవెక్కాడు.

జూన్ 19. నీరు ఆరో మెట్టు.

సంగతి వాడంతా పాకింది. పేరంటాలత్త ఎండ్రొయ్యలు వేయించి పట్టుకుని తెప్ప మీద వచ్చింది. పదహారు మెట్లు ఎక్కి, గుమ్మంలో కూలబడి, కాసేపు ఆయాసం తీర్చుకుంది.

"ఏంటమ్మాయ్, మొకం అలా ఏలాడేసుకు కూసున్నావ్?"

"ఏం లేదత్తా. నన్ను మూసేస్తున్నారు."

"ఇన్నాలే. ఒక్క పేనం పోతే ఉంచుతారంట కదా. నన్ను రాసెయ్."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"నవ్వుతావేంటి? నాకెవురున్నారు? కాయితం మీద సచ్చిపోతే నొప్పేముంటది? నువ్వు ఎల్లిపోతే ఈ నూటిరవై మందినీ పేరెట్టి ఎవురు లేపుతారు? ఆ కొమ్మా?"

"రేషను ఆగిపోతుందత్తా. చేతిలో పూస చల్లారిపోతుంది."

మా అందరికీ పుట్టగానే మణికట్టు చర్మం కింద ఆవగింజంత పూస పెడతారు. రేషను గూడు తెరవాలన్నా, పడవెక్కాలన్నా అది పలకాలి. మరణం నమోదైతే ఆ క్షణమే చల్లారిపోతుంది.

"నలభై ఇళ్ళున్నాయి. ఇంటికో ముద్దేసినా నేను తినలేను" అంది.

వీల్లేదని చెప్పి పంపేశాను. రొయ్యలు మాత్రం ఉంచుకున్నాను.

జూన్ 29. నీరు ఆరో మెట్టు.

మూసివేత నోటీసు వచ్చింది. తీగ చుట్టి, రేడియో పెట్టెలో పెట్టి, జూలై పదికల్లా అప్పగించాలట. మధ్యాహ్నం దాకా ఆ కాగితాన్ని చూస్తూ కూర్చున్నాను. నలభై ఇళ్ళవాళ్ళూ వచ్చి నిచ్చెన కింద తెప్పలు కట్టుకుని ఏమీ అడగకుండా నిలబడ్డారు. అడిగి ఉంటే తిట్టి పంపేదాన్ని.

రాసేశాను. లంకే పేరంటాలు, నలభై ఒకటో ఇల్లు, జూన్ 27న పోటు నీటిలో కొట్టుకుపోయింది. కారణం అనే చోట ఏం రాయాలో తెలియలేదు. చివరికి 'హెచ్చరిక ఆలస్యంగా అందింది' అని రాశాను. మనిషి పోయిందని ఒక్క ఊపున రాశాను కానీ, ఆ మాట దగ్గర రెండుసార్లు కలం కింద పెట్టాను. పదకొండేళ్ళ ఉద్యోగంలో నా హెచ్చరిక ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు.

అధికారి రేడియోలో అడిగాడు. "శవం చూశారా?"

"నీళ్ళలో పోయినవాళ్ళు దొరకరండీ."

నమోదు చేశానన్నాడు.

జూలై 9. నీరు ఐదో మెట్టు.

కేంద్రాన్ని ఏడాదిపాటు ఉంచుతున్నట్టు ఉత్తర్వు వచ్చింది.

ఇవాళ్టికి పేరంటాలత్తకి పెద్దకర్మ చెయ్యాలని వాడలో ఎవరో పరాచికానికి అన్నారు. అత్త పట్టుబట్టి నిజంగానే చేయించింది. ఏడో ఇంటి మస్తాను, అతని భార్య గంగాభవాని కొరమేను పులుసు వండారు. అత్త మొదటి వరసలో కూర్చుని రెండుసార్లు వడ్డించుకుంది. "నా దినానికి ఉప్పు తక్కువేశారు, ఇదేం మర్యాద" అని గంగాభవానిని కడిగేసింది. ఇంత నవ్వు గుంజవాడలో విని చాలా ఏళ్ళయింది.

ఒక్కటే ఇబ్బంది. తీగ మీద మాటలన్నీ శాఖకు చేరతాయి. కాబట్టి నలభై ఒకటో ఇంటిని పిలవకూడదు. నలభై అయ్యాక నేను ఒక ఊపిరి తీసుకునేంతసేపు ఊరుకుంటాను. ఆవిడ గొట్టం దగ్గర గిన్నె మూతతో రెండు దెబ్బలు కొడుతుంది. శాఖ వాళ్ళకి అది చప్పుడు. మాకు అదే 'ఇంకా'.

సెప్టెంబరు 3. నీరు ఏడో మెట్టు.

కొత్త ఉత్తర్వు. రక్షణ పడవల మీద మనుషుల్ని తీసేస్తున్నారు. ఇకమీదట పడవ తనంతట తనే వస్తుంది, తనే పోతుంది. జాబితాలో లేనివాళ్ళని ఎక్కించుకుని ఇంధనం వృథా చేశారని లెక్కల తనిఖీలో తేలిందట. అందుకని లోపల ఉన్న మనుషులూ, పలికిన పూసలూ జాబితాతో సరిగ్గా సరిపోవాలి. ఒకరు ఎక్కువైనా, తక్కువైనా తలుపు మూసుకోదు, పడవ కదలదు.

మా జాబితాలో నూట ఇరవై ఆరు పేర్లున్నాయి.

ఇది నాకు ముందే తట్టాల్సింది. రేషను గురించే ఆలోచించాను, అన్నం పెడితే సరిపోతుందనుకున్నాను. వెంటనే జనన మరణాల శాఖకు రాశాను. పొరపాటున నమోదైంది, మనిషి బతికే ఉంది, తప్పు నాది, ఉద్యోగం తీసేసినా సరే పేరు చేర్చండి అని.

సెప్టెంబరు 24. నీరు ఏడో మెట్టు.

నా ఉత్తరం విప్పకుండానే తిరిగొచ్చింది. మీద ముద్ర ఉంది. 'ఈ శాఖ ఆగస్టు 31న మూసివేయబడినది.'

మరణాలు నమోదు చేసే పని వేరే శాఖ చూస్తోంది. దాన్ని సరిదిద్దే పని ఎవరి దగ్గరా లేదు. ఇందుశేఖర్ గారిని రేడియోలో పట్టుకున్నాను. తనకు తెలిసిన ముగ్గురిని అడిగాడట, ముగ్గురి ఉద్యోగాలూ పోయాయట. "నన్ను క్షమించండి" అన్నాడు. ఆయన్ని క్షమించడానికి నేనెవర్ని, రాసింది నా చెయ్యి కదా.

అత్తకి చెప్పాను. ఆవిడ వల అల్లుతూ విన్నది.

"అయితే ఈ ఏడు నీళ్ళు రాకూడదని మొక్కుకో" అంది.

నవంబరు 10. మిట్టశిబిరం.

ఇక్కడ మెట్లు లేవు, ఎర్రమట్టి గుట్ట మాత్రమే ఉంది. మూడు రోజుల కిందటి సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

ఏడో తారీకు తెల్లారేసరికి నీరు తొమ్మిదో మెట్టు. తూర్పు గాలి పెరుగుతోంది. మనిషి కట్టిన తెప్ప ఏదీ ఆ పోటుకి అరగంట నిలవదు. రక్షణ పడవ కోసం కబురు పంపి, తీగ మీద ఇల్లిల్లూ పిలిచాను. పది గంటలకల్లా అందరూ కేంద్రం కిందికి చేరారు. పడవ పదకొండున్నరకి వచ్చింది. అప్పటికి నీరు పదమూడు. ఇళ్ళలో కుండలు తేలుతున్నాయి.

అందరం ఎక్కాం. అత్తని కూడా మధ్యలో పెట్టుకుని ఎక్కించాం. తలుపు మూసుకోలేదు. పడవలో ఆడగొంతు ఒకటి చాలా మర్యాదగా చెబుతోంది. జాబితా కంటే ఒకరు ఎక్కువగా ఉన్నారు, దయచేసి సహకరించండి. మస్తాను తలుపుని భుజంతో నెట్టాడు, నలుగురు మగవాళ్ళు నెట్టారు. కదలలేదు. అత్త తెప్పని తాడుతో వెనక కడదామన్నారు. తాడు బిగించగానే ఆ గొంతు తాడు విప్పమంది. నేను మైకు పట్టుకుని, ఆవిడ బతికే ఉంది, రాసింది నేనే, అబద్ధం రాశాను అని అరిచాను. అది విని అర్థం చేసుకునే మనిషి అవతల ఎవరూ లేరు. నీరు పద్నాలుగు.

నేను దిగుతానన్నాను. దిగితే నా పూస తక్కువవుతుంది, అప్పుడూ పడవ కదలదు. అది తెలిసి కూడా దిగాను. ఆవిడ నా వెనకే దిగి నా రెక్క పట్టుకుంది.

"ఎక్కు కొండా."

"నేను రాను అత్తా. నేను చేసిన పని ఇది."

"నేను సెయ్యమన్న పని. ఎక్కు. లోపల పసోళ్ళున్నారు. ఆ గంగాభవాని కడుపుతో ఉంది. నేను నీ కేంద్రంలో కూకుంటాను, ఇరవై రెండు మెట్లు ఎత్తు కదా. రేడియో ఎలా నొక్కాలో ఇన్నేళ్ళు సూడలేదా నేను?"

నన్ను పడవలోకి తోసేసింది. డెబ్బై ఆరేళ్ళ మనిషికి అంత బలం ఎక్కడిదో తెలియదు. తలుపు మూసుకుంది. ధన్యవాదాలు, అంది ఆ గొంతు. నేను అద్దంలోంచి చూస్తుంటే ఆవిడ చీర బొడ్లో దోపి నిచ్చెన ఎక్కుతోంది, ప్రతి మెట్టు దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంటూ.

పడవ కదిలిన పావుగంటకి, కేంద్రం నుంచి వెంట తెచ్చుకున్న చేతి రేడియో పలికింది.

"పదిహేడో మెట్టు" అంది అత్త. నేను చిట్టాలో రాసుకున్నాను. ఎందుకు రాశానో తెలియదు, ఆవిడ చెప్పింది కాబట్టి రాశాను.

కాసేపటికి మళ్ళీ. "పంతొమ్మిది. గాలి తూరుపు నుంచే." తర్వాత గొంతు సవరించుకుంది. "ఒకటో ఇల్లు."

పడవలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకటో ఇంటాయన నా దగ్గరికొచ్చి రేడియోలో చెప్పాడు. "ముగ్గురం ఉన్నాం పెద్దమ్మా."

"రెండో ఇల్లు."

"ఐదుగురం ఉన్నాం."

అలా నలభై ఇళ్ళూ పిలిచింది. కాగితం చూడకుండా, వరస తప్పకుండా పిలిచింది. ఏడో ఇల్లు పిలిచినప్పుడు గంగాభవాని మాట్లాడలేక ఏడుస్తుంటే మస్తాను "ఇద్దరం ఉన్నాం, ఇంకొకరొస్తారు" అని చెప్పాడు. "ఉప్పు సరిగ్గా ఎయ్యమను" అంది అత్త. గాలి హోరులో ఆవిడ గొంతు అప్పుడప్పుడూ పోతోంది, మేం ఊపిరి బిగబట్టి మళ్ళీ వచ్చేదాకా ఆగుతున్నాం.

నలభై అయింది. ఆవిడ ఒక ఊపిరి తీసుకునేంతసేపు ఊరుకుంది, నేను రోజూ ఊరుకున్నట్టే. నేను మీట నొక్కాను. నాలుగు నెలలుగా పిలవని పిలుపు అది, శాఖ వింటే విననీ అనుకున్నాను.

"నలభై ఒకటి."

"ఒక్కదాన్నే ఉన్నాను" అంది. తర్వాత, "ఇంకా."

ఎవరూ నవ్వలేదు.

"ఇరవై రెండో మెట్టు" అని ఆఖరిసారి వినిపించింది. ఆ తర్వాత గాలి చప్పుడు, ఆ తర్వాత అది కూడా లేదు. రేడియోని శిబిరం చేరేదాకా చెవి దగ్గరే పెట్టుకున్నాను. మస్తాను వచ్చి నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు.

నవంబరు 30. మిట్టశిబిరం.

రెండు రోజుల కిందట నీరు తీశాక మస్తానూ నేనూ తెప్పేసుకుని వెళ్ళాం. గుంజలు కొన్ని ఉన్నాయి. నిచ్చెన ఉంది, గది లేదు. పదిహేనో మెట్టుకి ఆవిడ తెప్ప తాడు ఇంకా కట్టి ఉంది.

ఇవాళ శిబిరంలో ఉన్న శాఖ యంత్రం మీద ఏడాది అంకెలు పంపాలి. నీటివల్ల మరణాలు అనే గడిలో ఒకటి అని కొట్టి, లంకే పేరంటాలు అని పేరు రాశాను. యంత్రం తీసుకోలేదు. ఈ పేరు ఇదివరకే నమోదైనది అంది. మూడుసార్లు రాశాను, మూడుసార్లూ అదే జవాబు. నాలుగోసారి ఆ గడిలో దానంతట అదే సున్నా వచ్చి కూర్చుంది. సాయంత్రానికి ఉత్తర్వు కూడా వచ్చింది. జూన్ తర్వాత మరణాలు లేనందున గుంజవాడ కేంద్రం అనవసరమని తేలినది.

ఇప్పుడు ఏడవడానికి కూడా నాకు ఓపిక లేదు. సాయంత్రం గుడారాల మధ్య నిలబడి నోటితోనే పలుకు పిలిచాను. నలభై పలికాయి.

శాఖ పుస్తకంలో చోటు లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నలభై ఒకటో ఇల్లు. లంకే పేరంటాలు, డెబ్బై ఆరేళ్ళు. నవంబరు 7న మధ్యాహ్నం, ఇరవై రెండో మెట్టు దాటిన నీటిలో పోయింది. హెచ్చరిక సకాలంలో అందింది.